నా దగ్గరున్నా నాది కాని డబ్బు

బ్యాంకులో నేను ఎక్కువ కాలం చేసిన పని చెక్కులు పాస్ చేయడం. గుంటూరు పట్నంబజారుకు నడిచి వెళ్లేంత దూరంలో మా శాఖ ఉండేది. మిర్చి కమీషన్ వ్యాపారులు, ఎరువుల కొట్లవాళ్లు, చుట్టుపక్కల ఊళ్ల రైతులు, టీచర్లు మా ఖాతాదారులు. క్లియరింగ్‌లో వచ్చిన చెక్కుల కట్ట విప్పి ఒక్కోదాని తేదీ, అంకెల్లో మొత్తం, అక్షరాల్లో మొత్తం, సంతకం, ఖాతాలో నిల్వ చూడాలి. అన్నీ సరిపోతే చెక్కు మీద పొట్టి సంతకం పెట్టాలి. తేడా ఉంటే రిటర్న్ మెమోలో కారణం దగ్గర టిక్కు పెట్టి వెనక్కి పంపాలి. నేను రిటైరయ్యేనాటికే ఆ కట్ట పలచబడింది. 2008లో ఢిల్లీలో మొదలైన చెక్ ట్రంకేషన్ మా దాకా వచ్చాక కాగితం ఊరు దాటడం మానేసి, దాని బొమ్మ మాత్రం వెళ్లేది. 2016లో యూపీఐ వచ్చాక క్రమంగా ఆ బొమ్మలూ తగ్గిపోయాయి.

వేరే దేశాల్లో చెక్కుల ముగింపుకు ముహూర్తాలే పెట్టారు. డెన్మార్క్ బ్యాంకులు 2017 మొదటి రోజు నుంచి చెక్కులు ఆపేశాయి. ఆస్ట్రేలియా 2029 సెప్టెంబరును ఆఖరి గడువుగా ప్రకటించింది. బ్రిటన్ 2018లో ముగించేస్తామని 2009లో చెప్పి, వృద్ధులూ సేవాసంస్థలూ ఒప్పుకోకపోవడంతో 2011లో ఆ మాట వెనక్కి తీసుకుంది. మన దగ్గర ఎవరూ రద్దు చేయలేదు. జనమే మెల్లగా మానేశారు.

చెక్కు పోయి ఫోను రావడంలో ఉన్న సౌకర్యం అందరికీ తెలిసిందే. నేను మాట్లాడదలచుకున్నది ధర్మం సంగతి. మాట ఇవ్వడానికీ దాన్ని చెల్లించడానికీ మధ్య కొంత కాలం నడుస్తుంది. చెక్కు బతికిందల్లా ఆ కాలంలోనే. ఇప్పుడు ఫోన్లో నాలుగో ఆరో అంకెలు నొక్కేసరికి ఇవ్వడమూ పుచ్చుకోవడమూ ఒకే క్షణంలో అయిపోతున్నాయి. మాటకూ చెల్లింపుకూ మధ్య వ్యవధే లేనప్పుడు, మాట మీద నిలబడటం అనే గుణం మనిషికి ఎక్కడ అలవడుతుంది? చెక్కులు పాస్ చేస్తూ గడిపినదాన్ని కనుక ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

మా మామగారు హైస్కూలు హెడ్‌మాస్టరుగా చేశారు. చెక్కుబుక్కు మొదట్లో ఉండే రికార్డు స్లిప్పులో ఆయన పెన్సిల్‌తో రాసుకునేవారు: ఎవరికి, ఎంత, ఏ తేదీన, ఇంకా ఎంత మిగిలింది. పాస్‌బుక్కులో పదకొండు వేలు కనబడుతుంటే ఆయన పెన్సిల్ లెక్కలో ఏడు వేలే ఉండేవి. తక్కిన నాలుగు వేలూ ఇంటి పన్నుకీ బియ్యం కొట్టుకీ రాసిచ్చేసినవి. ఆ చెక్కులు ఇంకా బ్యాంకుకు రాలేదు, అంతే. అత్తగారు ఏదో అవసరం చెప్పి “పాస్‌బుక్కులో ఉన్నాయి కదండీ” అంటే, “ఉన్నాయి. మన దగ్గర ఉన్నాయి గానీ మనవి కావు” అనేవారు. ఇచ్చినా ఇంకా బ్యాంకుకు చేరని చెక్కుల్ని తీసేసి అసలు నిల్వ కట్టడాన్ని కామర్స్ పుస్తకాల్లో రీకన్సిలియేషన్ అంటారు. పరీక్షలో అదొక లెక్క. మామగారికి అది రోజూ చేసే సంధ్యావందనం లాంటిది. నెలాఖరున చేతిలో చిల్లర లేక ఇబ్బంది పడిన రోజుల్లో కూడా ఆ నాలుగు వేల జోలికి ఆయన పోలేదు. చెక్కు పుచ్చుకున్నవాడు ఎప్పుడు బ్యాంకులో వేస్తాడో తెలియదు. రేపు వేయవచ్చు, రెండు నెలల తర్వాత వేయవచ్చు. అన్నాళ్లూ ఆ డబ్బును పక్కన పెట్టుకుని బతకాలి.

మన ఇళ్లలో ఇది కొత్త సాధనేమీ కాదు. పిల్లాడికి జ్వరం తగ్గకపోతే తల్లి పసుపు గుడ్డలో రూపాయి కట్టి దేవుడి గూట్లో పెడుతుంది. తిరుపతికి ఎప్పుడు ప్రయాణం పడుతుందో ఆమెకే తెలియదు. ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఆ ముడుపు ఇంట్లోనే, పోపుల డబ్బాకు నాలుగడుగుల దూరంలోనే ఉంటుంది. పాలవాడికి ఇవ్వడానికి చిల్లర లేని పూట కూడా ఎవరి చెయ్యీ అటు పోదు. ఆ మూటకు తాళం ఉండదు. కాపలా ఉండేదల్లా ఇది నాది కాదన్న ఎరుక ఒక్కటే. స్వామికి ఇంకా చేరలేదు, అయినా అది అప్పటికే స్వామిది.

ఆ ముడుపు చేరవలసిన వేంకటేశ్వరుడు కూడా బాకీదారేనని మన స్థలపురాణం. పద్మావతితో పెళ్లి ఖర్చుకు కుబేరుడి దగ్గర అప్పు తీసుకుని పత్రం రాసిచ్చాడనీ, బ్రహ్మా శివుడితోపాటు రావిచెట్టు కూడా దానికి సాక్షి అనీ, కలియుగం చివరిదాకా వడ్డీ కడుతూనే ఉంటాడనీ చెప్పుకుంటాం. దేవుణ్ణి అప్పులవాడిగా ఊహించుకోగలిగిన జనం మనం. బాకీ పడటమే అవమానమని అనుకుని ఉంటే ఆ కథ పుట్టేది కాదు. బాకీని ఒప్పుకుని, దాన్ని మోస్తూ, గడువుదాకా నిలబడటంలో పూజ్యమైనదేదో మన పెద్దలకు కనిపించింది.

బలి చక్రవర్తి కథ చూడండి. వామనుడు మూడడుగులు అడిగాడు, బలి ఇస్తానన్నాడు. నీళ్లు ధారపోసేదాకా దానం పూర్తి కాదు. ఇస్తానన్న మాటకూ చేతిలో నీరు పడటానికీ మధ్య దొరికిన ఆ కాస్త వ్యవధిలోనే శుక్రాచార్యుడు అడ్డుపడ్డాడు. వచ్చినవాడు విష్ణువని చెప్పాడు. ఆస్తీ ప్రాణమూ పోయే చోట మాట తప్పినా దోషం లేదని ధర్మం కూడా చూపించాడు. అది మూర్ఖపు సలహా కాదు, లోకం తెలిసిన గురువు సలహా. ఇప్పటి లాయరైనా ఆడిటరైనా అదే చెబుతాడు. రాజ్యం అప్పటికింకా బలి చేతిలోనే ఉంది. ఖజానా తాళాలు అతనివే, సైన్యం అతనిదే. కానీ ఇస్తానన్న క్షణం నుంచి అవేవీ తనవి కావని అతను అనుకున్నాడు. పోతన ఆ ఘట్టాన్ని అంత విస్తారంగా చెప్పడానికి కారణం ఆ వ్యవధే. అడిగిన వెంటనే నీళ్లు పడిపోయి ఉంటే బలి ఒక పెద్ద దాత మాత్రమే అయ్యేవాడు. వెనక్కి తగ్గడానికి దారి తెరిచి ఉండగా, ఆ దారి చూపినవాడు స్వయంగా గురువే అయి ఉండగా తగ్గకపోవడం వల్లనే మనం అతన్ని ఇంకా తలచుకుంటున్నాం.

ఒక ఏడాది వేసవిలో పెదనందిపాడు వైపు నుంచి ఒక అబ్బాయి మా శాఖకు వచ్చాడు. ముప్ఫై దాటి ఉంటాయి. గుండు మీద జుట్టు ఇంకా మొలవలేదు. తండ్రి మరణ ధ్రువపత్రం నా టేబుల్ మీద పెట్టాడు. అలా వచ్చినవాళ్లు సాధారణంగా ఖాతాలో ఎంతుందని అడుగుతారు. అది సహజమే, ఇంట్లో ఖర్చులుంటాయి. ఇతను సంచిలోంచి తండ్రి చెక్కుబుక్కు తీశాడు. చింపిన చెక్కుల కౌంటర్‌ఫాయిల్స్ ఎడమ పక్కన అట్టకు అంటుకుని ఉన్నాయి. “మేడమ్, వీటిలో ఏవి పాసయ్యాయో, ఏవి ఇంకా రాలేదో చూసి చెప్తారా?” అన్నాడు.

ఆ కౌంటర్‌ఫాయిల్స్ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టున్నాయి. నీలం సిరా, అక్షరాలు కొంచెం కుడివైపుకు వాలి ఉన్నాయి. ట్రాక్టరు మరమ్మతు 3,200. పురుగుమందుల కొట్టు 8,750. చెల్లెలి కూతురి ఫీజు 2,000. రామాలయం తలుపులు 1,116. లెడ్జరు తీసి చూశాను. ట్రాక్టరుది ఒక్కటే పాసయ్యింది. మిగతావి ఎవరెవరి జేబుల్లోనో, పుస్తకాల మధ్యనో ఉన్నాయి.

ఖాతాదారు చనిపోయాడని కబురు అందాక ఆయన సంతకం చేసిన చెక్కుకు మేం డబ్బు చెల్లించం. చెక్కు అంటే ఫలానావారికి ఇంత ఇవ్వమని బ్యాంకుకు ఖాతాదారు చేసిన ఆజ్ఞ. ఆజ్ఞాపించిన మనిషే లేడు కనుక ఆజ్ఞా లేదు. ‘డ్రాయర్ డిసీజ్డ్’ అని రాసి తిప్పి పంపేస్తాం. ఈ మాట అతనికి వీలైనంత మెత్తగా చెప్పాను. “మరి బాకీ?” అన్నాడు. బాకీ పోదు బాబూ, తండ్రి వదిలిపెట్టిన ఆస్తి మేరకు వారసులు తీర్చాలి అన్నాను. పురుగుమందుల కొట్టుకు తను వెళ్లి కట్టేస్తానన్నాడు. మేనకోడలి ఫీజు ఆ లెక్కన బాకీ కాదు, ప్రేమతో ఇస్తానన్నది. అదీ ఇచ్చేస్తానన్నాడు. గుడి తలుపుల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. పంట బాగా వస్తే తలుపులకు తనవంతు ఇస్తానని తండ్రి మొక్కుకున్నాడట. “నేను చెక్కు రాస్తే నా పేరు మీద పడుతుంది కదా మేడమ్. అప్పుడు నాన్న మొక్కు తీరినట్టా, నేను కొత్తగా ఇచ్చినట్టా?”

కౌంటరు ముందు జనం నిలబడి ఉన్నారు. పూజారిగారిని అడగమని చెప్పి పంపేశాను. ఆ ప్రశ్న మాత్రం నాతోపాటే ఇంటికి వచ్చింది. ఇన్నేళ్లుగా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని ఇప్పుడు ఒక నిర్ణయానికి వచ్చాను. తండ్రి మొక్కుకున్న రోజునుంచీ ఆ 1,116 తండ్రివి కావు. ఆయన పోయాక కొడుకుకు వారసత్వంగా సంక్రమించింది డబ్బు కాదు, ఆ డబ్బును చేరవేసే బాధ్యత. కొడుకు చేతిమీదుగా వెళ్లినా, కొడుకు సంతకంతో వెళ్లినా, ఇచ్చింది తండ్రే. రసీదు మీద ఏ పేరుంటే ఏం? పితృఋణం అన్న మాటకు శ్రాద్ధం పెట్టడం, వంశం నిలపడం అని అర్థాలు చెబుతారు. పెద్దవాళ్లు ఇచ్చిన మాటల్ని గమ్యం చేర్చడం కూడా దానిలోదే అని నా నమ్మకం.

తండ్రి అప్పు తీర్చడం కొడుకు పుణ్యకార్యం అన్న సూత్రం మీద ఒకప్పుడు కోర్టులు కొడుకుల మీద డిక్రీలు ఇచ్చేవి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ దాన్ని తీసేసింది. ఆ తర్వాత చేసిన అప్పుల విషయంలో, కేవలం ఆ ధర్మాన్ని చూపించి కొడుకునో మనవణ్ణో మనవడి కొడుకునో కోర్టుకు లాగడం కుదరదు. నేను దీన్ని మంచి సవరణే అంటాను. ధర్మాన్ని అమీనా చేత జప్తు చేయించకూడదు. ప్రోనోటు సంగతీ అలాంటిదే. మూడేళ్లు దాటితే దావా వేసే హక్కు పోతుంది కానీ బాకీ పోయిందని చట్టం అనదు. కాలదోషం పట్టిన బాకీని తీరుస్తానని ఎవరైనా రాసి సంతకం పెడితే, కాంట్రాక్టు చట్టంలోని 25వ సెక్షను ఆ మాటను మళ్లీ బతికిస్తుంది. కాగితానికి కాలం చెల్లడం వేరు, మాటకు కాలం చెల్లడం వేరు అని మన చట్టానికి కూడా తెలుసు.

ఇంతవరకూ చదివి నేను చెక్కుల కాలాన్నే మంచి కాలమంటున్నానని అనుకోవద్దు. ఇచ్చేవాడికి సాధన దొరికిన ఆ వ్యవధి పుచ్చుకునేవాడికి ఎదురుచూపు. పై ఊరి బ్యాంకు మీద రాసిన చెక్కు గుంటూరులో వేస్తే కలెక్షన్‌కు పోయి డబ్బు పడేసరికి వారాలు పట్టిన రోజులున్నాయి. పంట అమ్ముకున్న రైతు చెక్కు జేబులో పెట్టుకుని, కోత కూలీలకు ఇవ్వడానికి వడ్డీకి డబ్బు తెచ్చుకోవడం నేను చూశాను. 2025 అక్టోబరు 4 నుంచి పొద్దున పదింటికీ సాయంత్రం నాలుగింటికీ మధ్య వేసిన చెక్కులు అప్పటికప్పుడు స్కాన్ అయి, ఆ సాయంత్రానికల్లా తేలిపోతున్నాయి. ఈ మార్పు ఇరవై ఏళ్ల ముందు వచ్చి ఉంటే ఎంతమంది రైతులకు ఎంత వడ్డీ మిగిలేదో. కాయ కోసిన కూలి మనిషికి సాయంత్రం ఇంటికి వెళ్లేలోపు ఫోన్లో డబ్బు పడుతుంటే నాకు నిజంగా సంతోషంగా ఉంటుంది. వేలిముద్ర వేసే మనిషికి మేం చెక్కుబుక్కు ఇచ్చేవాళ్లం కాదు. ఇవాళ అదే మనిషి బండి మీద జామకాయలు పెట్టుకుని క్యూఆర్ బోర్డు తగిలించుకున్నాడు.

గడువు పెట్టుకుని ఇచ్చేదానికీ అప్పటికప్పుడు ఇవ్వాల్సినదానికీ ఉన్న తేడాను మత గ్రంథాలు కూడా పాటించాయని నాకు మా హెడ్ క్యాషియర్ వల్ల తెలిసింది. ఆయన నమాజు తప్పని మనిషి. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు దేని గురించో తెలుసా అని ఒకరోజు అడిగారు. స్వర్గం గురించో నరకం గురించో అనుకున్నాను. అప్పు గురించి. అల్ బఖరా సూరాలో 282వ ఆయతు. గడువు పెట్టుకుని చేసిన అప్పు చిన్నదైనా పెద్దదైనా రాసుకోవాలనీ, రాసేవాడు న్యాయంగా రాయాలనీ, సాక్షులు ఉండాలనీ చెబుతుంది. అక్కడికక్కడే ఇచ్చిపుచ్చుకునే బేరమైతే రాసుకోకపోయినా తప్పు లేదంటుంది. ప్రయాణంలో రాసేవాడు దొరకని సందర్భం గురించి తర్వాతి ఆయతు చెబుతుంది. ఒకరినొకరు నమ్మి ఇచ్చుకుంటే, ఆ నమ్మకాన్ని పొందినవాడు అల్లాకు భయపడి దాన్ని చెల్లించాలని. ఆ నమ్మకానికి వాడే అమానత్ అనే మాట మన ఊళ్లలో తెలుగువాళ్లూ వాడతారు. కూలి విషయానికి వస్తే మాత్రం గడువు లేదు. కూలివాడి కూలి పొద్దుగుంకకముందే ఇవ్వాలని బైబిల్లో ద్వితీయోపదేశకాండం చెబుతుంది. చెమట ఆరకముందే ఇమ్మని ప్రవక్త చెప్పినట్టు ముస్లింలు తలచుకుంటారు. అంటే వ్యవధి అన్ని చోట్లా పవిత్రమేమీ కాదు. అవతలివాడు ఒప్పుకున్నప్పుడే, అతని కడుపు కాలనప్పుడే అది సాధన. ఇచ్చేవాడి శీలానికి పుచ్చుకునేవాడు మూల్యం చెల్లించకూడదు.

ఇక తిప్పి పంపిన చెక్కుల సంగతి. నిల్వ ఉండి కూడా బ్యాంకు పొరపాటున చెక్కు తిప్పి పంపితే ఖాతాదారుకు పరిహారం ఇవ్వాలి. ఆ పరిహారం గురించి మా బ్యాంకు పరీక్షల పుస్తకాల్లో ఒక సూత్రం ఉండేది: చెక్కు ఎంత చిన్నదైతే పరువునష్టం అంత పెద్దది. ఐదు లక్షల చెక్కు తిరిగొస్తే ఏదో సర్దుబాటు కుదరలేదనుకుంటారు. ఐదు వందల చెక్కు తిరిగొస్తే ఆ మనిషి దగ్గర ఐదు వందలు కూడా లేవని బజారంతా అనుకుంటుంది. డబ్బు పరిమాణానికీ మాట పరిమాణానికీ సంబంధం లేదని చట్టం ఒప్పుకున్న చోటు అది. పాతకాలం అధికారులు నిల్వ లేకపోయినా మెమోలో ‘రిఫర్ టు డ్రాయర్’ అని రాసేవారు. ఇచ్చినవాణ్ణే అడగండి, మేం అతని లోటు బయటపెట్టం అని దాని భావం. ఆ మర్యాద నాకు ఇష్టంగా ఉండేది.

1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోకి 1988లో 138వ సెక్షను తెచ్చారు. 1989 ఏప్రిల్ 1 నుంచి, నిల్వ లేక చెక్కు తిరిగొచ్చి, నోటీసు ఇచ్చినా గడువులోగా డబ్బు కట్టకపోవడం నేరమైంది. ఇప్పుడు శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. చెక్కు మీద జనానికి నమ్మకం పెంచడానికి ఆ సెక్షను తెచ్చారు. 2019 చివరికి దేశంలో పెండింగులో ఉన్న 2.31 కోట్ల క్రిమినల్ కేసుల్లో 35 లక్షలకు పైగా ఈ చెక్కు కేసులేనని సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన లెక్క. మోసం చేసినవాళ్లు అందులో ఉన్నారు, ఉండాల్సిందే. వాళ్లతోపాటు ఇంకో రకం మనుషులు కూడా ఉన్నారు. నాకు బాధ కలిగించేది వాళ్ల సంగతి.

మా వీధిలో మిషను కుట్టుకుని బతికే ఒకావిడ కూతురి పెళ్లికి ఒక వడ్డీ వ్యాపారి దగ్గర అరవై వేలు తీసుకుంది. ప్రోనోటుతోపాటు సంతకాలు పెట్టిన రెండు ఖాళీ చెక్కులు కూడా ఇమ్మన్నాడు. ఇచ్చింది. అసలూ వడ్డీ నెలనెలా కట్టి తీర్చేసింది. ప్రోనోటు తిరిగి ఇచ్చాడు. చెక్కులు ఎక్కడో పెట్టాను, దొరికాక ఇస్తానన్నాడు. ఏడాది దాటాక ఆవిడకు లాయరు నోటీసు వచ్చింది. ఒక చెక్కులో రెండు లక్షలు వేసి బ్యాంకులో వేశాడు. అది తిరిగొచ్చింది. నోటీసు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. “అక్కా, సంతకం నాదే. నాది కాదని ఎట్టా చెప్పను?” అంది.

ఆవిడ కాదనాలనుకోలేదు. కాదని బొంకితే కేసు తేలికవుతుందేమోనని ఎవరో చెప్పారట, ఆ మాట ఆవిడకు మింగుడుపడలేదు. చట్టం ఆవిడ పక్షాన తేలిగ్గా నిలబడదు. సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ పత్రాన్ని నింపుకునే అధికారం పుచ్చుకున్నవాడికి ఉన్నట్టే మొదట భావిస్తారు. ఇష్టపూర్వకంగా ఇచ్చిన ఖాళీ చెక్కు అయినా, బాకీ కోసం ఇచ్చినదేనన్న ఊహ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. బాకీ లేదని ఆవిడే చూపించుకోవాలి. మిషను ఆపేసి వాయిదాలకు తిరిగింది. చివరికి లోక్ అదాలత్‌లో కొంత డబ్బు కట్టి రాజీపడింది. కట్టింది ఆవిడ బాకీ లేని డబ్బు.

ఆ వ్యాపారి చేసినదాన్ని మోసమని మాత్రమే అని వదిలేయలేను. ఆవిడ ఇచ్చిన సంతకం ఆవిడ మాట. బాకీ తీరిన రోజుతో ఆ మాట నెరవేరిపోయింది. ఆ తర్వాత ఆ కాగితం అతని బీరువాలో ఉన్నా అతనిది కాదు. మామగారికి పాస్‌బుక్కులో కనబడిన నాలుగు వేల లాంటిదే అది. తన దగ్గరుండి తనది కానిదాన్ని ముట్టుకోకుండా ఉండటం చెక్కు రాసినవాడికి ఎంత పరీక్షో, చెక్కు పుచ్చుకున్నవాడికీ అంతే పరీక్ష. ధనవంతుడు తన సంపదకు యజమాని కాక ధర్మకర్త కావాలని గాంధీగారు చెప్పినప్పుడు పెద్ద పెద్ద మిల్లు యజమానులే మనసులో మెదులుతారు. నాకు మాత్రం ఆ మాట వింటే రెండు ఖాళీ చెక్కులు దాచుకున్న చిన్న వడ్డీ వ్యాపారి గుర్తుకు వస్తాడు. ధర్మకర్తృత్వం అక్కడే మొదలుకావాలి.

ఇప్పటి పద్ధతుల్లో మాటకు చోటు లేదని అననుగానీ, దాన్ని మోసే పని మనిషి మీదనుంచి తప్పిపోయింది. ఇంటి అప్పు కిస్తీకి, బీమా ప్రీమియానికి ఆటోపే పెట్టేస్తున్నాం. ఆ తేదీన డబ్బు దానంతటదే పోతుంది. నిల్వ లేక అది తప్పితే దానికీ 2007 నాటి చెల్లింపుల చట్టంలో చెక్కు బౌన్సు లాంటి శిక్షే ఉంది. కానీ కిస్తీ రోజు మనకు గుర్తుండనక్కర్లేదు. గుర్తుపెట్టుకునే పని యంత్రం చేస్తోంది. నా కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తాడు. పాపం ఏ బాకీ ఉంచుకోడు, ఎవరికి ఇవ్వాల్సింది వాళ్లకు ఆ నిమిషమే కొట్టేస్తాడు. అతని ఫోన్లో కనబడే నిల్వంతా అతనిదే. మామగారి పెన్సిల్ లెక్క అతనికి అవసరం రాలేదు. అతను మంచివాడు కాదని నేను అనుకోను. అయితే నాది కానిదాన్ని నా దగ్గర ఉంచుకుని కాపాడటమనే పని అతనికి డబ్బు ద్వారా ఎదురుకాలేదు. ఇంకెక్కడో ఎదురవుతుంది. ఎవరో చెప్పిన రహస్యం రూపంలోనో, ఉమ్మడి ఆస్తి రూపంలోనో, ముసలితనంలో మేం అతనికి అప్పగించే సంతకాల రూపంలోనో. అప్పుడు నిలబడటానికి ముందు కొంత అభ్యాసం ఉంటే బాగుండేదని తల్లిగా నా ఆరాటం. అందుకే మనవరాలికి ఈ మధ్య ముడుపు కట్టడం నేర్పాను. తన పుట్టినరోజు డబ్బులోంచి వంద రూపాయలు అన్నవరం సత్యనారాయణస్వామికి కట్టింది. వేసవి సెలవుల దాకా అది దాని టేబుల్ సొరుగులోనే ఉంటుంది.

చెక్కుల కాలం మళ్లీ రావాలని నేను కోరుకోవడం లేదు. అయితే చెక్కు పూర్తిగా పోయేముందు మనం చేసి ముగించాల్సిన పని ఒకటుంది. తేదీ వేసిన చెక్కు మూడు నెలలు దాటితే చెల్లదు, 2012 నుంచి అదే నియమం. ఖాళీ చెక్కుకు తేదీ ఉండదు. ఎప్పుడు తేదీ వేస్తే అప్పటినుంచే దాని మూడు నెలలు మొదలవుతాయి. అందుకే పాత బాకీల తాలూకు ఖాళీ చెక్కులు ఇంకా ఎందరి బీరువాల్లోనో ఉన్నాయి. చీటీల వాళ్ల దగ్గర, ఫైనాన్సుల దగ్గర, బంధువుల దగ్గర కూడా. మీ దగ్గర ఎవరిదైనా అలాంటి చెక్కు ఉండి, వాళ్ల బాకీ తీరిపోయి ఉంటే, దాని మీద అడ్డంగా రెండు గీతలు గీసి, రద్దు అని రాసి, ఈ వారంలోనే వాళ్ల చేతికి ఇచ్చేయండి. ప్రోనోటు ఉంటే వెనక చెల్లు రాసి దాన్నీ ఇచ్చేయండి. మీరు ఇచ్చినవారైతే మొహమాటపడకుండా అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే ఆ చెక్కుల నంబర్లు రాసి మీ బ్యాంకుకు స్టాప్ పేమెంట్ లెటరు ఇవ్వండి. లెటరు ఇచ్చినట్టు సీలు వేయించుకుని ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.